ఆపరేషన్ తుప్పు బోల్టు

కోదాడ బైపాస్ దాబాలో వీరయ్య చాయ్ గ్లాసు కింద పెట్టకముందే గుండెలో బుల్లెట్ దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్. పక్క బల్ల మీద టిఫిన్ చేస్తున్నవాళ్లు తల కూడా తిప్పలేదు. సీక్రెట్ బ్యూరో వాచర్ వీరయ్య, రాత్రంతా బండి తోలి కునుకు తీసిన లారీ డ్రైవర్‌లా బల్ల మీదికి ఒరిగిపోయాడు. ఆఖరి ఊపిరితో వేలు నొక్కిన ఎస్సెమ్మెస్ మాత్రం చీఫ్‌కు చేరింది.

"తెల్ల అంబాసిడర్. పాత నంబర్ ప్లేట్ ఊడట్లే."

2013 ఆగస్టు, ఆదివారం పొద్దున. సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతోంది.

"విక్టర్. ఫారిన్ ముఠా," అన్నాడు చీఫ్ మల్సూర్, సూర్యాపేట కొత్త బస్టాండ్ వెనక ఆగిన జీపులో. "టార్గెట్, సాగర్ ఎడమ కాలువ హెడ్ రెగ్యులేటర్, నీళ్లొదిలే పెద్ద తూము. అక్కడి ఇంజినీర్ కారుకు అచ్చం జోడీ కారు తయారు చేసిండు. డిక్కీల టైమ్ బాంబు. ఇగ నంబర్ ప్లేటొక్కటే మార్చాలె."

"మీదికెళ్లి స్టిక్కర్ అంటిస్తే అయిపాయె గద సార్?" అన్నాడు ఏజెంట్ బీరన్న.

"గేటు కాడ సెక్యూరిటోడు ప్లేటు పట్టి గుంజి సూస్తడు. బోల్టు బిగియాల్సిందే. పాత బోల్టులేమో తుప్పు పట్టి కూసున్నయ్. ఇప్పుడు వానికేం కావాలె?"

"మెకానిక్."

"మిర్యాలగూడ సాగర్ రోడ్డు మీద అన్ని షెడ్లు మూయించినం, ఒక్కటి తప్ప. దాంట్ల నువ్వుంటవ్. రోడ్డు మీద ఆపొద్దు. స్టీరింగ్ కాడ ఉన్నంతసేపు స్విచ్ వాని చేతి కిందనే ఉంటది, ఊరి నడుమనే పేలుస్తడు. వాని చేతనే డిక్కీ తెరిపియ్యి."

చీఫ్ ఒక లేజర్ పెన్ చేతిలో పెట్టాడు. ఇనుమును వెన్నలా కోస్తుందట.

"ఇంకోటి. వాని పక్కన ఒక ఆడమనిషుంటది. ఆండాలు. రెండు దిక్కుల జీతం తింటది. ఎటు దిక్కో నాకే తెల్వదు. తుప్పుకు అందరూ కిరోసిన్ అడుగుతరు. కొబ్బరి నూనె అడిగితే మన మనిషి."

బీరన్న తలూపాడు. హుజూర్‌నగర్ అవతల ఆ కాలువ కట్ట మీదే తండ్రి అంజన్న ఈపాటికి గొర్రెలు మేపుతుంటాడు. తల దగ్గర తూము ఎగిరిపోతే నీళ్లు కట్టను నమిలేస్తాయి. గొర్రెలను వదిలి ఉరికే మనిషి కాదాయన.

గ్రీజు మరకల లుంగీ, చెవిలో బీడీ, లెన్స్‌తో ఒక కంట్లో పువ్వు. షెడ్డులో అలా కూర్చున్న బీరన్నను కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఎండెక్కుతుండగా అంబాసిడర్ వచ్చి ఆగింది. ముందు సెంటు వాసన దిగింది, తర్వాత ఆండాలు దిగింది. ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. వెనకే తాటిచెట్టంత విక్టర్. తెలుగు ముక్క రాదు.

"నంబర్ ప్లేట్ మార్చాలె మేస్త్రీ. జల్ది," అంది. "కిరోసిన్ పొయ్యి."

కొబ్బరి నూనె కాదు. కిరోసిన్ అడిగింది.

డిక్కీ మూతకు ఉన్న ప్లేటు ముందు కూర్చుని కిరోసిన్ పోశాడు. బోల్టు తలలు అప్పటికే గుండ్రంగా అరిగిపోయాయి, కోదాడలో విక్టర్ చేసిన నిర్వాకం. ఒళ్లు అడ్డం పెట్టి లేజర్ పెన్ నొక్కాడు. ఎర్రచుక్క మెరిసింది, కాస్త పొగ వచ్చింది, పెన్ను చచ్చింది. ల్యాబ్‌లో కొత్త ఇనుమును కోసి మురిసినట్టున్నారు. దాన్ని బీడీ పక్కన చెవిలో పెట్టుకుని పానా అందుకున్నాడు.

విక్టర్ వాచీ చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. పిస్టల్ తీశాడు.

"తొందరగా కానియ్యమంటున్నడు," అంది ఆండాలు.

"సారుకు చెప్పు మేడం. తుప్పుకు పిస్తోలంటే భయం లేదు. నాకు గూడ అంతే."

ఆమె పెదవి కొస కదిలింది. ఇంగ్లీషులోకి ఎంత చేరిందో దేవుడికెరుక.

"బోల్టు తిప్పితే లోపల నట్టు గూడ ఎంబడే తిరుగుతది. లోపల పానా పెట్టి పట్టాలె. డిక్కీ తెరువుండ్రి."

"నో," అన్నాడు విక్టర్. ఆ మాటకు తర్జుమా అక్కర్లేదు.

"అయితే తోలుకపోండ్రి. ముంగట ఇంకో మెకానిక్ ఉంటడేమో. ఆదివారం గద, అందరూ యాటకూర కాడుంటరు."

పిస్టల్ గొట్టం నుదుటికి తగిలింది. చల్లగా ఉంది. బీరన్న పానా కింద పడేసి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కాల్చుమను. నేను సస్తే బోల్టు ఊడుతదా?"

ఆండాలు కళ్లద్దాలు తీసింది.

"మేస్త్రీ, కిరోసిన్‌తోని అయితలేదు గని, కొబ్బరి నూనె లేదా?"

బీరన్న పానా మళ్లీ అందుకున్నాడు. ఆమె విక్టర్ వైపు తిరిగి ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పింది, వాచీ చూపించింది. విక్టర్ పళ్లు కొరికి తాళంచెవి విసిరాడు.

డిక్కీ లేచింది. గోనెసంచుల కింద జిలెటిన్ కట్టలు, ఒక గడియారం, తీగలు. పానా దెబ్బల అదురుకు గడియారం ముందుకు దూకి సెకన్లు ఆఖరికొచ్చాయి. చిన్నప్పుడు బావులు పేల్చేవాళ్ల వెనక తిరిగి తండ్రితో తన్నులు తిన్నవాడు బీరన్న. ఏది పీకాలో చేతికి తెలుసు. చెయ్యి అటు పోవడం చూసి విక్టర్ పిస్టల్‌తో సహా డిక్కీలోకి వంగాడు.

"జరుగు," అంది ఆండాలు. బీరన్న పక్కకు ఒరిగాడు. ఆమె మూత దబ్బున దించింది.

అంబాసిడర్ రేకు అంటే మాటలా. విక్టర్ ముంజేయి పటుక్కుమంది. ఆమె మూత మళ్లీ ఎత్తేసరికి పిస్టల్ లోపల ఉండిపోయింది, విక్టర్ బయట పడి ఉన్నాడు. బీరన్న జిలెటిన్‌లో గుచ్చిన డిటొనేటర్ పీకి, గడియారంతో సహా రోడ్డవతలి నీళ్ల గుంతలోకి విసిరాడు. అది నీళ్లలో పడకముందే టప్పుమంది. కొంగలు లేచిపోయాయి.

విక్టర్‌ను కట్టుతీగతో స్తంభానికి బిగిస్తూ అడిగాడు. "ముందే అడగకపోతివి, కొబ్బరి నూనె?"

"నువ్వెంతవరకు నిలబడ్తవో సూసిన." కళ్లద్దాలు పెట్టుకుంది. "మునగాల పక్కన మా అమ్మ మొన్ననే నాటు పూర్తి చేసింది, ఈ కాలువ కిందనే. ఎవని జీతం తింటే ఏంది, బువ్వ ఆ మడిదే గద."

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్ బీరన్నా. ఆ నంబర్ ప్లేట్ ఊడదీసి ఎవిడెన్స్ కింద పంపియ్యి."

బీరన్న కారు వైపు చూసి బీడీ ముట్టించాడు.

"కారే పంపిస్త సార్. బోల్టు ఇంకా ఊడలే."