దూది కదులుతాంది

ఎనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమెలు తీసే పని నాది. ఆ ఘాటుకు నాకు ఎప్పటి సందో ఆయాసం ఉన్నది. అలవాటైపోయింది. నా బిడ్డ మహెక్ ఒక్క సీజన్ నాతోని వచ్చిందో లేదో, దానికీ ఊపిరి పట్టుకున్నది. పొద్దుగూకితే చాలు, ఛాతిల పిల్లికూతలు. "మళ్ల మిర్చి దగ్గరికి తోలితే పిల్ల దక్కది" అన్నది దవాఖానల డాక్టరమ్మ.

అందుకే కంప్యూటర్. ఇంట్ల కూసొని టైపు చేసే పని దొరికింది మహెక్‌కు. నా తమ్ముడు ఇర్షాద్ వాళ్ల ఆఫీసుల తీసేసిన కంప్యూటర్ తెచ్చిచ్చిండు. అది ఆన్ అయ్యేలోపు చాయ్ కాచి, తాగి, గిన్నె కడుక్కోవచ్చు.

హన్మకొండ చౌరస్తా దగ్గర సదానందం రిపేరు దుకాణానికి పట్టుకపోయినం.

"కొత్తది ఎందుకక్కా? పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్త, ర్యామ్ పెంచుత. గుర్రమోలె ఉరుకుతది" అన్నడు. "ర్యామ్ వాడిందైనా ఫికర్ లేదు. లోపల కరెంటు ఇచ్చే డబ్బా ఒక్కటి మాత్రం కొత్తది తీసుకో. దాని దమ్ము మీదనే అన్నీ నడుస్తయి."

అంతకు చెయ్యి చాల్లేదు. మూలకు ఒక పాత కరెంటు డబ్బా కనబడ్డది. వెనుక జాలీ, లోపల చిన్న ఫ్యాను. వేలుతో చూపిచ్చిన.

సదానందం చేతిల ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టిండు. "అది వాపస్ వచ్చిందక్కా. ఖరాబ్ ఏం లేదు. తీసుకున్నోళ్లే... వద్దన్నరు."

ఎందుకని అడగాలె. నలుగురిల నోరు తెరవాలంటే నాకు సిగ్గు. అడగలే.

"బేరం చెయ్ అమ్మీ అంటే గోడకు అతుక్కున్నవ్" అని మహెక్ దారి పొడుగునా నవ్వింది.

ఆ డబ్బా బిగిచ్చినంక కంప్యూటర్ మంచిగ నడిచింది. దానికంటే వింత, పిల్లకు ఆయాసం పోయింది. పిల్లికూతల్లేవు. మందు పీల్చే పంపు గూట్ల దుమ్ము పట్టింది. అల్లా దయ అనుకున్న.

మొన్న సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయినంక గాలిదుమారం లేచింది. గల్లీ అంతటా కరెంటు పోయింది. చీకటి. తడిసిన మట్టి వాసన. మహెక్ వాకిట్ల గడప మీద కూసొని పక్కింటి రమతోని ముచ్చట పెడ్తాంది. నేను దీపం కోసం లోపలికి పోయిన.

చప్పుడు వినబడ్డది.

సన్నగ... గర్ర్... ఆగి, మళ్ల గర్ర్... కంప్యూటర్ దిక్కు నుంచి. ఫ్యాను తిరుగుతాంది. కరెంటు లేదు. తడిమి చూసిన. వానకు ముందే మహెక్ ప్లగ్గు పీకి మేకుకు తగిలించింది.

జాలీకి చెయ్యి అడ్డం పెట్టిన. గాలి వెచ్చగ తగిలింది. అరచెయ్యి తడైంది.

మా గల్లీల ఆడోళ్లు ఎవరన్నా పోతే గుసుల్ చేయించనీకి నన్నే పిలుస్తరు. పీనుగకు స్నానం పోసి, కఫన్ గుడ్డ చుట్టేది నేనే. నీళ్లు పోసే ముందు ముక్కు కింద దూది పెట్టి చూస్త. కదలకుంటేనే నీళ్లు. మా అమ్మ అట్లనే నేర్పింది. ఆ దూది అల్మారాల ఉంటది.

ఏం ఆలోచించలేదు. చేతులే అల్మారా దిక్కు పోయినయి. దూది తెచ్చి జాలీకి పెట్టిన.

ఫ్యాను గాలికి దూది ఎగిరిపోవాలె కదా. ఎగరలే. లోపలికి గుంజుకున్నది... బయటికి వచ్చింది... లోపలికి...

భయం కాలేదు. ఆ చప్పుడు ఆగాలె. అంతే. పీనుగ ముక్కుల పెట్టినట్టే దూదిని జాలీల కుక్కిన. నిండుగ.

చప్పుడు ఆగింది.

వాకిట్ల మహెక్ మాట కూడ ఆగింది.

"మహెక్... ఓ మహెక్... ఏమైందే?" రమ గొంతు.

దూది పీకేసిన. గర్ర్ మన్నది డబ్బా. బయట మహెక్ గట్టిగ ఊపిరి గుంజుకున్నది. "ఆఁ... ఏం చెప్తాన్న? ఆ చీర రంగు..." అని ముచ్చట ఆపిన కాడికెళ్లి మళ్ల మొదలుపెట్టింది. దానికేం తెల్వదు.

పిల్ల పండుకున్నంక ముక్కు కింద దూది పెట్టి చూసిన. చానాసేపు పట్టుకున్న.

కదల్లే.

తెల్లారి సదానందం కొత్త డబ్బా పట్టుకొని వచ్చిండు. మహెక్ మొదటి జీతంల తెప్పిచ్చిందట. స్క్రూడ్రైవర్ తీసిండు. నేను పోయి కంప్యూటర్‌కు అడ్డం నిలబడ్డ.

"జరుగు అమ్మీ, దీనికి కొత్తదే పెడ్తాన్నం."

"వద్దు."

"ఎందుకక్కా? ఏమన్న అయిందా?" సదానందం మెల్లగ అడిగిండు. నా మొఖం దిక్కు చూస్తలేడు, పాత డబ్బా దిక్కు చూస్తాండు.

"వద్దు బిడ్డా. ఇదే ఉండనీ."

"దుకాణంల నోరు లేదు, ఇంట్లకొచ్చినంక మాత్రం మొండి" అని మహెక్ పకపక నవ్వింది. ఆయాసం రాలే దానికి.

కొత్త డబ్బా అట్టపెట్టెలనే ఉన్నది. జాలీ దగ్గరికి దుమ్ము రానిస్తలేను. పొద్దుమాపు తుడుస్తాన్న.

నిన్న మిర్చి బస్తా లేపినప్పుడు నాకు దగ్గు రాలే. మార్కెట్ నుంచి గబగబ నడిచొచ్చిన. ఆయాసం రాలే. ఇన్నేండ్ల ఆయాసం.

అల్మారాల దూది ఉన్నది.

నా ముక్కు కింద పెట్టి చూసుకోలేదు.