చెవిటి కుక్కకు వినిపించిన సంగు

సాయంకాలం ఆరు గంటలకు మిల్లు సంగు కూసింది. అరుగు మీద లెక్కలు చేసుకుంటున్న అర్చన తల కూడా ఎత్తలేదు. రాజపాళయంలో పుట్టిన పిల్లలకు మిల్లు సైరను కొత్తేమీ కాదు. అది కూస్తే ఆరయిందని అర్థం, అంతే.

కానీ మెట్ల మీద పడుకున్న వెళ్ళై ఉలిక్కిపడి లేచింది.

వెళ్ళై అర్చన వాళ్ళ కుక్క. వెళ్ళై అంటే తెలుపు. పేరుకు తగ్గట్టే ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబి రంగు, పొడుగాటి సన్నని కాళ్ళు. ఈ ఊరి జాతి కుక్కే. ఈ జాతిలో అచ్చ తెల్లగా పుట్టిన పిల్లల్లో కొన్నింటికి పుట్టుకతోనే చెవులు వినబడవు. వెళ్ళై కూడా అంతే. దీపావళికి పక్కనే టపాకాయ పేలినా తోక కదపకుండా నిద్రపోయే కుక్క అది.

అలాంటిది ఇప్పుడు తోక కాళ్ళ మధ్యకు దూర్చుకుంది. గేటు వైపే చూస్తూ, వణుకుతూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. తల పైకెత్తి సన్నగా ఏడ్చింది. గేటు దగ్గర ఎవరూ లేరు. కార్తీక మాసం కదా, అప్పటికే మసక చీకటి పడింది.

సంగు ఆగింది. ఏడుపూ ఆగింది.

అర్చన చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. "అవ్వా" అని పిలిచింది. "వెళ్ళైకి సంగు వినబడింది."

లోపలి నుంచి కుప్పమ్మాళ్ అవ్వ వచ్చింది. "చెవిటిదానికి సంగు ఎట్లా వినబడతాది, పాపా? చీమ కుట్టి ఉంటాది, పో" అంది.

మర్నాడు మళ్ళీ అదే. సంగు కూయడం, వెళ్ళై గేటును చూసి వణకడం. మూడో రోజు అవ్వ తనే వచ్చి అరుగు మీద కూర్చుని చూసింది. కుక్క చూపు వెంట తనూ గేటు వైపు చూసింది.

"మీ తాత వస్తా ఉండాడు" అంది చివరికి.

రామచంద్రన్ తాత ముప్పై ఏళ్ళు ఆ మిల్లులోనే పని చేశాడు. ఆరు గంటల సంగు కూసిన కాసేపటికి ఆ గేటు తీసుకుని వచ్చేవాడు. చెవిటి కుక్కపిల్ల మనకెందుకని అందరూ అంటే, "చెవి లేకుంటే ఏమి, కండ్లు ఉండాయి కదా" అని వెళ్ళైని తెచ్చింది కూడా ఆయనే. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆ రోజు నుంచి అవ్వ రోజూ సంగు వేళకు ఒక లోటాలో కాఫీ కలిపి గేటు పక్కన గట్టు మీద పెట్టసాగింది. తెల్లారేసరికి లోటా ఖాళీగా ఉండేది. పిల్లి తాగిందో, ఏం తాగిందో, అవ్వ అడగలేదు. అడిగే ధైర్యం అర్చనకు లేదు.

అవ్వ ముఖం మాత్రం వెలిగిపోతోంది. గేటు వైపు తిరిగి మాట్లాడుతోంది కూడా. "ఈరోజు చిత్ర కంపెనీలో పని ఎక్కువంట. ఇంకా రాలేదు" అని, అక్కడెవరో నిలబడి వింటున్నట్టు చెబుతోంది. చిత్ర అంటే అర్చన వాళ్ళమ్మ. సత్రపట్టిలో బ్యాండేజ్ గుడ్డ కంపెనీలో పని చేస్తుంది.

అర్చనకు భయం పట్టుకుంది. ఆరు దాటితే గేటు దగ్గరికి వెళ్ళడమే మానేసింది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. వెళ్ళై తిండి సరిగ్గా తినడం లేదు. పగలు కూడా మంచం కింద దాక్కుంటోంది. చెయ్యి చాపితే వచ్చి నాకే కుక్క, ఇప్పుడు చెయ్యి చూస్తే ముడుచుకుపోతోంది.

"తాత వెళ్ళైని తీసుకోని పోతాడా, అవ్వా?"

అవ్వ గేటు వైపు ఒకసారి చూసి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. అది చూసి అర్చనకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అర్చన ఎవరికీ చెప్పని సంగతి.

నెల కిందట గేటు తెరిచి ఉంటే వెళ్ళై రోడ్డు మీదికి పోయింది. సేత్తూరు బస్సు హారను కొట్టినా దానికి వినబడదు కదా. వెంట్రుకవాసిలో బతికింది. అది చూసి అర్చన, చెవిటి కుక్కను పిలిచే దారి ఏదైనా ఉందేమోనని అమ్మ ఫోను తీసుకుని వెతికింది. బటన్ నొక్కితే మెడ దగ్గర మెల్లగా అదిరే పట్టీ ఒకటి కనబడింది. ఎవరో విదేశీ వాళ్ళు అమ్ముతున్నారు. బొమ్మలో తెల్ల కుక్క నవ్వుతున్నట్టే ఉంది.

"అడుగుదాకా అంతా చదివినావా?" అని అమ్మ అడిగింది.

"చదివినానమ్మా" అంది అర్చన. బొమ్మలు చూడటాన్ని కూడా చదవడమంటే, ఆమె నిజమే చెప్పింది.

పది రోజులకు పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే పట్టీ ఉంది కానీ రిమోట్ లేదు. లోపలి కాగితం మీద ఒక్క అక్షరమూ తెలిసిన భాషలో లేదు. అమ్మకు చెబితే "చదివినావా?" అని మళ్ళీ అడుగుతుంది. అందుకని అర్చన కాగితం పారేసింది. పట్టీ పొడుగ్గా ఉంటే కత్తెరతో కత్తిరించి వెళ్ళై మెడకు కట్టేసింది. మెడ దగ్గర చిన్న పచ్చ లైటు వెలిగింది. "బాగా పని చేస్తా ఉండాదమ్మా" అంది. అయిదు స్టార్లు ఇస్తే బహుమతి అని పెట్టెలో ఒక చీటీ ఉంటే, అయిదు స్టార్లూ ఇచ్చేసింది. ఇంత చేసి, రాత్రి హాయిగా నిద్ర కూడా పోయింది.

వెళ్ళైకి సంగు వినబడటం మొదలైంది ఆ మర్నాటి నుంచే. అర్చన ఆ రెండింటినీ కలిపి ఆలోచించనే లేదు.

ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో పప్పు ఉడికిస్తోంది. వెళ్ళై గడప దగ్గర పడుకుని ఉంది. కుక్కర్ విజిల్ వేసింది.

వెళ్ళై గాలిలోకి ఎగిరి, కీచుమని అరిచింది. అప్పుడు చూసింది అర్చన. మెడ మీది పచ్చ లైటు ఎర్రగా మారి, మళ్ళీ పచ్చగా అయింది.

తాత ఎప్పుడూ వంటింట్లోకి అడుగు పెట్టి ఎరగడు. కుక్కర్‌లోంచి అసలే రాడు.

అర్చన పట్టీ విప్పింది. లోపలి వైపు రెండు ఇనుప మొనలు. తెల్ల వెంట్రుకల కింద, సరిగ్గా ఆ మొనలు తగిలిన చోట, రెండు ఎర్రటి మచ్చలు. పట్టీని పిడికిట్లో బిగించి పట్టుకుని నిలబడింది.

కుక్కర్ ఇంకో విజిల్ వేసింది. మోచేతి దాకా సూదులు దిగినట్టయింది. పట్టీ కిందపడింది, అర్చన ఏడ్చేసింది.

అమ్మ పరుగున వచ్చి చెయ్యి చూసింది. అర్చన మొత్తం చెప్పింది. అమ్మ తిట్టలేదు. స్టవ్ ఆపి, ఫోను తీసి ఆ పేజీ అడుగుదాకా జరిపింది. చిన్న అక్షరాలు అక్కడున్నాయి. మొరుగుడు మాన్పించే పట్టీ. పెద్ద శబ్దమైతే మెడకు కరెంటు తగులుతుంది. అదిరే రకానికి రిమోట్ వేరుగా కొనాలి. కత్తిరించింది వాపసు తీసుకోము.

"బొమ్మలో అట్లా లేదమ్మా. వాడే మోసం చేసినాడు" అంది అర్చన.

"వాడి తప్పుకి వాడి మీద కంప్లైంట్ పెడతాను. కడలి దాటి ఉండాడు, ఎవరు వింటారో చూద్దాం" అంది అమ్మ. "దీని మెడకి కట్టింది ఎవరు?"

అర్చన వంగి కింద పడిన పట్టీని తీసుకుంది.

అసలు కష్టం తర్వాత ఉంది. అవ్వ గేటు దగ్గర నిన్నటి లోటా కడుగుతోంది. అర్చన పట్టీ పట్టుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది. మాట నోటి దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి పోయింది. మూడోసారి చెప్పింది.

అవ్వ ఆ రెండు మొనలను వేలితో తాకి చూసింది.

"అట్లయితే ఆయన రాలేదు."

"రాలేదవ్వా."

అవ్వ లోపలికి వెళ్ళి కొబ్బరి నూనె తెచ్చింది. వెళ్ళైని ఒడిలోకి లాక్కుని, మచ్చల మీద మెల్లగా రాసింది. "పావం, నోరు లేనిది" అంది. "ఇది నొప్పికి ఏడుస్తా ఉంటే, నేను కాఫీ పెట్టి సంతోషపడితిని." ఆమె కళ్ళు తడిశాయి. అవ్వ ఏడవడం అర్చన అంతకు ముందు ఒక్కసారే చూసింది.

అప్పుడే అర్చనకు ఇంకొకటి తట్టింది. సేత్తూరు నుంచి బస్సులో బడికి వచ్చే మణికండన్ గుర్తొచ్చాడు. ఆ అయిదు స్టార్లు చూసి, వాడూ తన కుక్కపిల్లకు అదే పట్టీ తెప్పించుకుంటున్నాడు.

ఫోను చేసింది. "మణికండా, పట్టీ వచ్చిందా?"

"నిన్న వచ్చింది. ఇప్పుడే కడతా ఉండాను."

"కట్టవద్దు. దాంట్లో కరెంటు ఉండాది."

"నువ్వే కదా బాగుండాదని అయిదు స్టార్లు వేసినావు?"

"చదవకుండా వేసినాను. అబద్ధం అది" అంది అర్చన. అవతల ఏదో టక్కుమని ఊడిన చప్పుడయింది. తర్వాత, "సరి, విప్పేసినాను" అన్నాడు.

పట్టీ అమ్మే పేజీలో అర్చన అయిదు స్టార్లు ఒకటయ్యాయి. దాని కింద ఏం జరిగిందో అర్చన అంతా రాసింది. కాగితం పారేసిందీ, పట్టీ కత్తిరించిందీ కూడా రాసింది.

సాయంకాలం అవ్వ రెండు లోటాల కాఫీతో వచ్చి అరుగు మీద కూర్చుంది. ఒకటి అర్చన చేతికిచ్చింది. "తాగు, చల్లారిపోతాది."

సంగు కూసింది. వెళ్ళై మెట్ల మీద చెవి కూడా కదపకుండా నిద్రపోతోంది.

"మీ తాత దీన్ని ఎట్లా పిలిచేవాడో తెలుసునా?" అంది అవ్వ. కాలితో రాతి మెట్టు మీద మూడుసార్లు గట్టిగా తట్టింది. రాయి అదిరింది. వెళ్ళై కళ్ళు తెరిచింది.

అవ్వ ముఖం చూసింది. అర్చనను చూసింది. తర్వాత గేటు వైపు తిరిగి, అక్కడే చూస్తూ, మెల్లగా తోక ఊపింది.

గేటు దగ్గర ఎవరూ లేరు. గేటు సగం తెరిచి ఉంది.

అర్చనకు మళ్ళీ ఒళ్ళు జలదరించింది. నెల కిందట బడి నుంచి వచ్చి ఆ గేటును అలాగే వదిలేసింది తనే. ఆ సంగతి పట్టీ వెతికేటప్పుడు గుర్తుకే రాలేదు.

లోటా కింద పెట్టి లేచింది. చీకట్లో ఒక్కతే నడిచి వెళ్ళి, గేటు మూసి, గొళ్ళెం పెట్టింది. సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసింది.