ఆకుపచ్చ డబ్బా

"చెయ్యి తియ్యండి" అంటూనే చంద్రిక అతని మణికట్టు మీద ఒక్కటి వేసింది.

దయాకర్ బిత్తరపోయాడు. "ఏందండీ, బండి కొననీకి వస్తే కొడ్తున్నరు?"

"వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. దానికంటే ఈ దెబ్బ నయం కాదా?"

దయాకర్‌ది చెంగిచెర్లలో మొక్కల నర్సరీ. మొక్కలు వేసుకు తిరగడానికి అతనికో పాత పికప్ కావాలి. నాచారంలో చంద్రిక వాళ్ల ఇంటి ముందున్న బండి, ఆమె నాన్న పోయిన దగ్గర నుంచి దుమ్ము పట్టి ఉంది. అమ్మేద్దామని తల్లి అరుణకుమారి అంటే చంద్రిక సరేనంది. ఆ సరే మనసు దాకా దిగలేదు. నడిపి చూపించే పని మాత్రం తనే తీసుకుంది. ఉప్పల్‌లో మెట్రో పనుల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కునేసరికి ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీతకెక్కింది, బండిని రోడ్డు పక్కకు ఆపాల్సి వచ్చింది.

"ఎంతసేపు ఆగాలె?"

"బానెట్ మీద అరచెయ్యి ఆనించగలిగే దాకా. చిన్నప్పుడు బండి ఇలా వేడెక్కితే నాన్న నన్ను బండి వెనక కూర్చోబెట్టి జామకాయ కోసిచ్చేవారు. తినడం అయ్యేసరికి..."

ఆగిపోయింది. పరాయివాళ్ల ముందు నాన్న మాట ఎత్తడం ఇదే మొదలు.

దయాకర్ రోడ్డు దాటి వెళ్లి, ఒక చేత్తో ఉప్పుకారం చల్లిన జామ ముక్కలు, మరో చేత్తో రేడియేటర్‌లో పోసే ఎర్ర కూలెంట్ డబ్బా పట్టుకొచ్చాడు.

"మా బండిలో ఉన్నది ఆకుపచ్చది. రెండు రకాలు కలిపితే పాడవుతుంది."

"చీరకు జాకెట్ లెక్క దీనికి గూడ మ్యాచింగా?"

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

ఇంజన్ చల్లారాక, సీటు వెనక నుంచి ఒక ఆకుపచ్చ డబ్బా తీసింది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సమంగా నాన్న తన చేత్తో కలిపి ఉంచుకున్నది. మూత మీద ఆమె వేళ్లు కదల్లేదు.

దయాకర్ గమనించాడు. "అది మీరు దాచుకోండి. నేను మళ్ల పోయి పచ్చది తెస్త."

"వద్దు. నాన్న దీన్ని దాచుకోవడానికి కలపలేదు."

పోసింది. చివరి చుక్క దాకా అతను గరాటు కదలకుండా పట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ముల్లు సగం దాటలేదు. ఇంటి ముందు తాళాలు అందుకుంటూ దయాకర్ అన్నాడు: "బండి తీసుకుంట. కాని కూలెంట్ సంగతి నాకు తెల్వదు. ప్రతి ఆదివారం మీరే సూడాలె."

"నెలకోసారి చూస్తే చాలు."

"నెలా? అన్ని దినాలు ఆగుడు నాతోని గాదు."

"ఇవాళ ఆగారుగా."

"ఇయ్యాల బండి కోసం ఆగలే."

చంద్రిక తల వంచుకుంది. గేటు దగ్గర అరుణకుమారి కూతురి ముఖం చూసింది. చాలా రోజులకు ఆ ముఖంలో వెలుగు కనిపించింది. "లోపలికి రా బాబూ, టీ తాగి వెళ్దువుగాని" అంది.

"అయితే ఆదివారమే రండి" అంది చంద్రిక నెమ్మదిగా. "కాకపోతే చెంగిచెర్ల నుంచి నడుపుకొస్తారు కదా, ఇంజన్ వేడిగా ఉంటుంది. చల్లారేదాకా మా ఇంట్లో కూర్చోవాలి."

"కూసుంట" అన్నాడు దయాకర్. "జామకాయలు నేనే తెస్త."