సుంకమింట్లో రాత్రి మేత

పలమనేరు దాటి బెంగుళూరు రోడ్డు పట్టుకోని పోతే, మైసూరు సంస్థానం ఎల్ల ఇంకా తగలక ముందే, ఎడంపక్క సుంకమిల్లని ఒకటి ఉండేది. ఇప్పుడు లేదులే, రాళ్లు కూడా ఎత్తుకోని పోయినారు. ఉన్నన్నాళ్లూ మాత్రం పొద్దు గూకినంక ఆ పక్క మొగం తిప్పిన మనిషి లేడు. బండోళ్లు ఆడికి వచ్చేసరికి ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కేవాళ్లు... సప్పుడు కాకుండా.

ఎందుకంటే, వెనక ఎప్పుడో బండ్ల మీద సుంకం వసూలు చేసే బంట్రోతు ఒకడు ఆ ఇంట్లో కాపురముండేవాడంట. వాడి పెండ్లాం నిండు నెలల మనిషి. ఒక రాత్రి నొప్పులొచ్చి మొగుణ్ణి పిల్చింది... పిల్చింది... కల్లు తాగి పడుకున్నోడు లేస్తేనా? తెల్లారి లేచి చూస్తే ఆయమ్మ గడప మీద పడుండాది, చల్లంగా.

అప్పట్నుంచి ఆ ఇంట్లో రాత్రిపూట ఒక ఆడమనిషి మేలుకోనే ఉంటాదని చెప్పేవాళ్లు. నువ్వు చూసినావా అంటే ఎవురూ చూసినామనరు. చూసినోడు ఎప్పుడూ ఇంకోడే.

అట్లాంటి ఇంటికి కాపురానికొచ్చినారు గంగాధరం, చెంగమ్మ. కొత్తగా పెండ్లైన జంట అనలేం కానీ, ఇంకా ఒకరి మొగం చూసి ఒకరు సిగ్గుపడే ఈడే. ఇద్దరూ మైసూరు సంస్థానం మనుషులు, శిడ్లఘట్ట అవతల పల్లె. అవి యుద్ధం రోజులు. ఆకాశంలోంచి సోల్జర్లు దూకేదానికి పట్టుగుడ్డ కావాలంట, అందుకని పట్టుకి గిరాకీ వచ్చింది. ఈడ ధనంజయ నాయుడని ఒక ఆసామి ఆ మాట విని తోటలో సగం మల్బరీ నాటేసినాడు. నాటినంక గానీ తెలీలేదు ఆయనకి, పట్టుపురుగుని సాకేది ఎట్లో ఈ చుట్టుపక్కల ఒక్కరికీ రాదని. అప్పుడు మనిషిని పంపించి వీళ్లిద్దర్నీ పిలిపించుకున్నాడు.

మొదటి పంట బాగా తీస్తే ఇల్లు, ఆకు, పంటలో వాటా. చెడితే వచ్చిన బండిలోనే వెనక్కి. ఆయన మాట అంతే. వెనక్కి పోతే ఏముండాది? గంగాధరం అన్న ఇంట్లో పశువుల కొట్టం పక్కన ఒక మూల. ఆ మూలలోనే చెంగమ్మకి మొదటి కానుపు కడుపులోనే పోయింది. మళ్లీ ఆడికి పోయేది లేదని ఇద్దరూ అనుకోనే గడప దాటినారు.

సుంకమిల్లు ఎందుకిచ్చినాడంటే, ఊరికి దూరం, వంటపొగ తగలదు, పురుగుకి మంచిదని నాయుడన్నాడు. అద్దెకి ఇంకెవురూ రారనే మాట మాత్రం అనలేదు.

పట్టుపురుగుని సాకేదంటే ఏమనుకుంటున్నారు? చంటిబిడ్డని సాకేది నయం. తెల్లారకముందే తోటకి పోయి మంచుతో పాటే ఆకు కొయ్యాల. దాన్ని సన్నంగా తరగాల. అరల్లో పేర్చిన వెదురు తట్టల్లో ఒక్కొక్కదానికీ సమంగా చల్లాల. తిన్న ఈనెలు, పెంట తీసెయ్యాల. చీమ ఎక్కకుండా అరల కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టాల. అంతా అయ్యేసరికి మళ్లీ మేత వేళ. రాత్రి కూడా వదలదు, నడిరాత్రి ఒక మేత తప్పకుండా పడాల.

పైగా దానికి మడి ఎక్కువ. మిరపకాయ ఘాటు పడదు. పూల వాసన పడదు, పసుపు పడదు, తలనూనె పడదు. అందుకని చెంగమ్మ జడలో పువ్వు లేదు, మొగాన పసుపు, బొట్టు లేవు, చేతికి గాజులు కూడా తట్టకి తగుల్తాయని వెనక్కి నెట్టి గుడ్డ చుట్టుకునేది. కిరసనాయిలు పొగ అసలే పడదు. యుద్ధంలో కిరసనాయిలు దొరికేది కూడా యాడ? రాత్రి మేత చీకట్లోనే, చేతి తడుముడుతోనే. పురుగుండే గదిలో గట్టిగా మాట్లాడకూడదని వాళ్ల ఊరి పద్ధతి. రోజంతా ఆ గదిలోనే ఉంటారు గదా, బయటికొచ్చినా ఇద్దరికీ గుసగుసలే అలవాటైపోయినాయి. సంగట్లోకి ఉప్పు కావాలన్నా గుసగుసే.

ఊరోళ్లు వీళ్లని మైసూరోళ్లు అనేవాళ్లు. చెంగమ్మ తెలుగులో కన్నడం కలిసి రాగం తీస్తాదని బావి కాడ నవ్వేవాళ్లు. నవ్వినా బాగుండు, తర్వాత అదీ మానేసినారు. ఆ ఇంట్లో ఉండే మనిషితో మాట్లాడేదానికి భయం. ఆ పిల్ల బావికి పోతే అందరూ బిందెలెత్తుకోని పక్కకి జరిగేవాళ్లు. ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుందామంటే వాడు ఆకు మోపు దించి గోడకి ఆనుకున్నాడంటే కండ్లు మూతపడేవి. ఒకే ఇంట్లో ఉన్నారనే పేరే గానీ ఒకరు మేలుకుంటే ఒకరు నిద్ర. అలుపు... అలుపు... వాళ్ల కాపురమంతా అలుపే.

దానికి తోడు, ఈడికొచ్చేముందే చెంగమ్మకి మళ్లీ నెల తప్పిండాది. కడుపు కొంచెం కనబడేసరికి పురుగు నాలుగో జ్వరం లేచింది. జ్వరమంటే రోగం కాదు. పురుగు మేత మాని, మగత పడి, పాత చర్మం ఇడిచేదాన్ని జ్వరమంటారు. నాలుగోది లేచినంక దానికి పట్టే ఆకలి ఏ మనిషికీ పట్టదు. వారం దినాలు ఒక్క మేత తప్పినా అది కట్టే పట్టుగూడు పల్చనైపోతాది, పంట పోయినట్టే.

"రాత్రి మేత నాది. నువ్వు లేస్తే నా మీద ఒట్టు," అన్నాడు గంగాధరం.

మాటైతే ఇచ్చినాడు. కానీ పగలంతా మోపులు మోసిన ఒళ్లు గదా... ఆ మొదటి రాత్రే, కొంచేపు నడుం వాలుద్దామని చాప మీద ఒరిగినోడు, కండ్లు తెరిచేసరికి కోడి కూస్తా ఉండాది.

పంట పోయింది, ఇల్లు పోయింది, పురుగులు తలెత్తి ఎండిపోయింటాయని పరిగెత్తి గదిలోకి పోయినాడు.

తట్టల నిండా ఆకు. సమంగా, అంచు నించి అంచుకి, చల్లి ఉండాది. పురుగులు తింటా ఉండాయి, ఆకుల మీద సన్న వాన పడినట్టు సప్పుడు.

చెంగమ్మ లేచి వేసిందని వాడు అనుకున్నాడు. ఒట్టు పెట్టినా వినలేదే అని కోపం కూడా వచ్చింది. అంతలో ఆ పిల్ల కండ్లు నులుముకుంటా గది వాకిట్లోకి వచ్చి అడిగింది.

"రాత్రి ఆకేసినావా మామా? నాకు మెలకువే రాలేదు."

గంగాధరం తట్టల పక్క తిరిగి చూసినాడు. ఈమె వెయ్యలేదు. తాను వెయ్యలేదు. మరి...?

"వేసినా," అన్నాడు.

ఎందుకన్నాడంటే, నిజం చెప్తే ఆ పిల్ల ఆ ఇంట్లో ఒక్క పొద్దు ఉంటాదా? కట్టుబట్టల్తో బయల్దేరాల్సిందే. ఇంకో వారం గట్టెక్కితే పంట చేతికొస్తాది. వారమే గదా అనుకున్నాడు.

మర్నాటి రాత్రి మేలుకోవాలని చూసినాడు. మొగాన నీళ్లు కొట్టుకున్నాడు, నిలబడినాడు, కూచున్నాడు. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు. తెల్లారి చూస్తే తట్టల నిండా ఆకు. చెంగమ్మ అడిగింది. వేసినానన్నాడు. "నువ్వుండబట్టి సరిపోయింది మామా," అని ఆ పిల్ల వాడి కాళ్ల నొప్పికి వేడినీళ్లు కాచి పెట్టింది.

ఇంక చెప్పేదానికే సిగ్గుచేటు... ఆ తర్వాత వాడు మేలుకునేదానికి చూడనే లేదు. ఎవురో వేస్తా ఉండారు, వెయ్యనీలే, మనకేం చెడుపు చెయ్యలేదు గదా అని చాప పరుచుకోని పడుకునేవాడు. అలుపు మనిషి భయాన్ని కూడా తినేస్తాది.

కానీ చెంగమ్మ వాడిపోతా వచ్చింది. రాత్రంతా ఒళ్లు తెలీకుండా నిద్ర పోయినానంటాది, లేస్తే కండ్ల కింద నల్లంగా. నడుము పీకతాది, కాళ్లు వాస్తాయి. ఒక పొద్దు బావి కాడ తల తిరిగి కూలబడింది. మజ్జిగ అమ్మే తాయమ్మ అనే ముసలామె ఒక్కతే దగ్గరికొచ్చి, నీళ్లు చల్లి, ఇంటిదాకా పట్టుకోనొచ్చింది. ఆ పిల్లని పడుకోబెట్టి గంగాధరాన్ని బయటికి పిల్చింది.

బండి తోలే కుప్పయ్య మొన్న రాత్రి ఈ పక్క పోతా కిటికీలో చూసినాడని చెప్పింది. చీకట్లో ఒక ఆడమనిషి. తల్లో పువ్వు లేదు, మొగాన బొట్టు లేదు, దీపం లేదు. చేతులు మాత్రం అట్లా... ఇట్లా... ఆడతా ఉండాయంట. ఇంట్లోనేమో వాన సప్పుడు. బయట ఒక చుక్క లేదు. కుప్పయ్యకి ఇప్పటికీ జ్వరం దిగలేదంట.

గంగాధరం ఇంక దాచలేకపోయినాడు. జరిగిందంతా ఆమెతో చెప్పేసినాడు.

ముసలామె లోపల పడుకున్న పిల్ల పక్క ఒకసారి చూసింది. తర్వాత మెల్లింగా అనింది.

"నాయనా, రాత్రంతా పని చేసినామె కూలి తీసుకోకుండా పోతాదా? నిన్ను అడగలా. మరి ఎవురి దగ్గిర తీసుకుంటా ఉండాదో నీ పెండ్లాం మొగం చూసి తెలుసుకో. కడుపులో బిడ్డ గూడా ఉండాది."

గంగాధరం లోపలికి పోయి పెండ్లాం మొగం చూసినాడు. పంట పోతే పోనీ, ఇల్లు పోతే పోనీ. పెండ్లాన్నీ బిడ్డనీ తాకట్టు పెట్టి పడుకున్నానే అని వాడికి ఏడుపొచ్చింది. ఈ రాత్రి ఎట్లైనా మేలుకోని, ఆయమ్మ ఎదురుంగా నిలబడి చెప్పెయ్యాల అనుకున్నాడు. అమ్మా, నీ పని మాకొద్దు. ఇంతవరకూ చేసినదానికి కూలి కావాలంటే నన్ను తీసుకో, ఆ పిల్లని వదిలిపెట్టు... అని. తోటలో ఆకు కోస్తా అదే మాట మళ్లీ మళ్లీ అనుకున్నాడు.

రాత్రయింది. చెంగమ్మ పడుకుంది. పక్కనే తన చాప పరిచి, కంబళి అట్లే పెట్టి, వాడు పురుగుల గదిలోకి పోయి మూల గోడకి వీపానించి నిలబడినాడు. కూచుంటే నిద్రొస్తాదని కూచోలేదు.

పురుగులు సందకాడ వేసిన ఆకు తింటా ఉండాయి. వాన... సన్నంగా. అదే జోలపాట మాదిరి ఉండాది. రెప్పలు వాలిపోతే చెయ్యి కొరుక్కున్నాడు.

ఆకు అయిపోతా వచ్చింది. వాన సప్పుడు తగ్గి... తగ్గి... ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం.

గడప కాడ అడుగు.

ఇంకో అడుగు.

కిటికీలోంచి పడే మసక వెన్నెల్లో ఒక ఆకారం లోపలికొచ్చింది. జుట్టు ఇడిపోయి మొగం మీద పడుండాది. అటూ ఇటూ చూడలేదు. నేరుగా ఆకు గంప కాడికి పోయి, ఒడి నింపుకోని, పై తట్ట లాగింది. చేతులు ఆడినాయి... అట్లా... ఇట్లా... అంచు నించి అంచుకి.

వాన మళ్లీ మొదలైంది.

గంగాధరం నోరు తెరిచినాడు. పగలంతా అనుకున్న మాట బయటికి రాలేదు. ఆకారం ఒక్కో తట్టా ముగించుకుంటా వాడి పక్కకే వస్తా ఉండాది. ముట్టుకునేంత దగ్గిరికొచ్చింది. అడుగు తట్ట లాగేదానికని వంగింది... వంగలేక, ఒక చెయ్యి కడుపు కింద పెట్టుకోని, ఇంకో చేత్తో అర పట్టుకోని, మెల్లింగా కూచుంది.

వెన్నెల మొగాన పడింది.

చెంగమ్మ.

కండ్లు తెరిచే ఉండాయి, కానీ వాటిల్లో చూపు లేదు. ముందర నిలబడిన మొగుడు ఆమెకి కనబళ్లేదు. ఊపిరి నిద్రలో తీసే ఊపిరి... నిదానంగా, బరువుగా. మనిషి నిద్రపోతా ఉండాది. చేతులు పని చేస్తా ఉండాయి.

పిలుద్దామంటే భయమేసింది వాడికి. నిద్రలో నడిచే మనిషిని ఉలిక్కిపడేట్టు లేపితే కడుపుతో ఉండే పిల్లకి ఏమవుతాదో. ఊపిరి బిగబట్టి చూస్తా నిలబడినాడు. ఆకరి తట్ట అయినంక ఆ పిల్ల ఒడి దులుపుకుంది. అర పట్టుకోని లేచి, వచ్చిన దోవనే పోయింది. వాడు వెనకే గడపదాకా పోయినాడు.

చెంగమ్మ తన చాప మీద పడుకోలేదు. ముందు వాడి చాప కాడ వంగింది. కంబళి మడత విప్పి, మనిషి ఉండే చోట, భుజాలు ఉండే చోటుదాకా మెల్లింగా కప్పింది. చలి తగలకుండా అంచు లోపలికి దోపింది. తట్టినా తట్టనట్టు రెండుసార్లు తట్టింది.

"పడుకో మామా... నేను వేసేసినాలే."

గుసగుసగా అనింది, ఉత్త చాపతో. తర్వాత తన చోట ఒరిగి ముడుచుకోని పడుకుంది.

గంగాధరం గడప కాడే కూలబడినాడు. ఆ గదిలో వాన పడతానే ఉండాది, ఈ గదిలో పెండ్లాం ఊపిరి. తెల్లారేదాకా వాడు కన్ను మూయలేదు. దెయ్యమే అయ్యింటే బాగుండునని ఏడ్చినాడంట.