వేలెడు వెలితి

మా అన్నయ్య డెస్మండ్‌కి ఆదివారమంటే చర్చి కాదు, పబ్బు. అదీ ఏదో ఒక పబ్బు కాదు. పీపాలోనే పులిసి, పీపాలోంచే నేరుగా గ్లాసులోకి దిగే ఏల్ బీరు, ఆపిల్ సైడర్, బేరిపళ్ళతో చేసే పెర్రీ దొరికే చోటు కావాలి. గ్యాసు కొట్టి బుడగలు తెప్పించిన బీరు ఎదురుగా పెడితే ముఖం పక్కకి తిప్పుకుంటాడు. వదిన పోయాక నా ఇంట్లోనే ఉంటున్నాడు. నా భర్తా పోయాడు, పిల్లలు లేరు. దెబ్బలాడుకోవడానికైనా, ఒంట్లో బాగోకపోతే టీ కాచి ఇవ్వడానికైనా మాకు మేమే మిగిలాం. అందుకని వారం వారం కారు నేను నడుపుతాను, అన్నయ్య తాగుతాడు. నాకు తలనొప్పి, తనకి ఆనందం.

అన్నయ్య ఉద్యోగమంతా తూనికలు కొలతల శాఖలో గడిచింది. రిటైరయినా ఆ బుద్ధి పోలేదు. గ్లాసు పైన నురగ వేలెడు కనిపిస్తే చాలు, "కొంచెం నింపండి" అంటాడు. ఇంగ్లండులో, మా హెరిఫర్డ్‌షైర్‌లో పబ్బులు తిరిగేవాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. నింపమని అడగడం వాళ్ళకి హక్కు, దాదాపు పూజ. అన్నయ్యకి మరీ ముదిరింది.

ఆ జనవరి ఆదివారం మధ్యాహ్నం మే హిల్ కొండ కింద పొగమంచు దిగి ఉంది. బోర్డు కూడా లేని ఒక పెర్రీ ఇల్లు గురించి అన్నయ్య ఎక్కడో విన్నాడు. చెప్పినవాడు ఆ తర్వాత, అనవసరంగా నోరు జారాను, అటు వెళ్ళకండి అన్నాడట. అంతే, అన్నయ్యకి ఇక నిద్ర పట్టలేదు. సన్నటి మట్టిదారి చివర రాతి ఇల్లు దొరికింది. దాని వెనక ఆకుల్లేని బేరిచెట్టు ఒకటే ఉంది, ఇంటికన్నా ఎత్తుగా. పక్షులు లేవు. మంచు నీళ్ళు కొమ్మల మీంచి జారి టప్ టప్‌మని పడుతున్నాయి.

లోపల ఒకటే గది. కట్టెల పొగ, తడి ఉన్ని కోట్లు, వాటి కింద కుళ్ళిన బేరిపళ్ళ వాసన. కిటికీ కింద బల్ల మీద ఆరుగురో ఏడుగురో మోకాళ్ళు తగిలేంత ఇరుకుగా కూర్చున్నారు. చలిమంట పక్కన, వెచ్చగా, పొడుగాటి చెక్క బెంచీ మాత్రం ఖాళీగా ఉంది. మేం అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. నేను నవ్వి పలకరించాను. అందరూ తలలు తిప్పుకున్నారు. ఇంత మొరటు మనుషుల మధ్య కూర్చుని తాగే పానీయం అమృతమైనా నాకు వద్దనిపించింది. అన్నయ్య అవేవీ పట్టించుకోకుండా వెళ్ళి ఆ ఖాళీ బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. బెంచీ ముందున్న బల్లకి ఇవతల, స్టూలు మీద నేను కూర్చున్నాను.

ఇంటి యజమానురాలు మిసెస్ యాప్ వెనక గదిలోంచి మట్టికూజా తెచ్చింది. ఎముకల మీద కోటు తొడిగినట్టున్న మనిషి. ఏం కావాలో అడగలేదు. అక్కడ ఉన్నదే పెర్రీ. అన్నయ్యకి ఒక గ్లాసు పోసి, పైన వేలెడు వెలితి ఉండగానే కూజా ఎత్తేసింది. నేను చుట్టూ చూశాను. కిటికీ కింద వాళ్ళ గ్లాసులన్నిటికీ అంతే వెలితి, సరిగ్గా అంతే.

"కొంచెం నింపండమ్మా," అన్నాడు అన్నయ్య మర్యాదగానే.

"ఇక్కడ ఇంతే పోస్తాం సారూ."

"అంచు దాకా పొయ్యాలి. అది నా హక్కు."

"తాగేసి దయచెయ్యండి," అన్నాడు కిటికీ దగ్గరున్న ఒక లావుపాటి మనిషి. "హక్కులు మీ ఊళ్ళో చూసుకోండి."

బల్ల కింద అన్నయ్య కాలు తొక్కాను. ఊరుకుంటే మా అన్నయ్య ఎందుకవుతాడు? ఈ జిల్లాలో కొలత తక్కువ పోసినవాళ్ళని ఎందరిని చూశానో అంటూ మొదలుపెట్టాడు. మిసెస్ యాప్ అన్నయ్య వైపు చూడటం లేదు. మూల కూర్చున్న ఏమస్ అనే ముసలాయన వైపు చూస్తోంది. ఆయన తన గ్లాసు పైన వెలితి వైపు చూసుకున్నాడు.

"పోసెయ్యి," అన్నాడు చివరికి. "ఆయనే అడిగాడుగా."

"మీరే అడిగారు," అందామె అన్నయ్యతో. "మేం ఇస్తామనలేదు. అందరూ విన్నారు కదా?"

అందరూ తలలూపారు. కూజా మూతి గ్లాసుకి తగిలి టకటకలాడింది. పెర్రీ అంచు దాకా వచ్చి నిలిచింది. అన్నయ్య నా వైపు గెలిచినట్టు చూసి, పెద్ద గుక్క తాగాడు.

"ఇన్నేళ్ళలో ఇలాంటిది తాగలేదు హెస్టీ," అన్నాడు. కళ్ళు మెరిశాయి. అంత సంతోషం ఆ ముఖంలో వదిన పోయాక నేను చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకూ బాగానే అనిపించింది.

గ్లాసు బల్ల మీద పెట్టి, జేబులో రుమాలు వెతుక్కుంటున్నాడు. అప్పుడు చూశాను. గ్లాసులో పెర్రీ తగ్గుతోంది... నెమ్మదిగా... ఎవరూ ముట్టుకోకుండానే. అన్నయ్య పక్కన, బెంచీ ఖాళీగా ఉన్న వైపు నుంచి, గుటక వేసిన చప్పుడు వినిపించింది. కుళ్ళిన పళ్ళ వాసన గుప్పుమంది. గ్లాసు అవతలి అంచు మీద తడి పెదవుల గుర్తు పడింది.

"అన్నయ్యా, లే. వెళ్దాం."

అన్నయ్య లేవలేదు. నాలుకతో పెదవులు తడుపుకుంటున్నాడు. అవి తడవటం లేదు. చూస్తుండగానే చిట్లాయి. "దాహంగా ఉంది," అన్నాడు. గొంతు ఎండిపోయి గరగరలాడింది.

ఇంతలో మిసెస్ యాప్ కూజా పట్టుకుని కిటికీ వైపు నడిచింది. ఒక్కొక్కరి గ్లాసూ అంచు దాకా నింపుకుంటూ వెళ్ళింది. అందరి ముఖాల్లోకీ మొదటిసారి నవ్వొచ్చింది. కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కలో తాగారు. ఆ లావుపాటి మనిషి ఏడుస్తూ తాగాడు.

ఏమస్ దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుని కుదిపాను. ఏం చేశారు మా అన్నయ్యని అని అడిగాను. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"గ్లాసు పైన వేలెడు వాడిదమ్మా. వాడి వాటా వాడికి వదిలేస్తే మన జోలికి రాడు. మా తాతల నాటి నుంచీ అంతే."

"వాడెవడు?"

"ఎవడైతేనేం. దాహం ఉన్నవాడు. మీ అన్నయ్య అడిగి మరీ వాడి వాటా తాగాడు. ఇక వాడు మీ అన్నయ్యలోంచి తాగుతాడు."

"ఆ మాట ముందే చెప్పకూడదా?" అన్నాను.

"చెబితే అడిగేవాడా?" అన్నాడు. కాస్త సిగ్గుపడ్డట్టే ఉన్నాడు, కాని గ్లాసు దించలేదు. "తీసుకెళ్ళు. ఎంత దూరమైతే అంత మంచిది."

వాళ్ళని అక్కడే చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది. దానికి టైము లేదు. అన్నయ్యని చంకలో చెయ్యి వేసి లేపాను. అంత మనిషి నా ఒక్కదాని చేతికి తేలిగ్గా లేచాడు. అరచేయి పట్టుకుంటే తడి లేదు, పాత కాయితంలా ఉంది. ఒక్కరూ సాయం రాలేదు. తలుపు మాత్రం ఎవరో తీసి పట్టుకున్నారు.

కారు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. నీళ్ళ సీసా నోటికి పెడితే మొత్తం తాగేశాడు. "లోపలికి చేరట్లేదు హెస్టీ," అన్నాడు పసిపిల్లాడిలా. "నోట్లోనే ఎవరో లాక్కుంటున్నారు."

నాకున్నది ఒక్క అన్నయ్య. పొగమంచులో వెనక్కి పరుగెత్తాను. తలుపు గడియ వేసుకున్నారు. రెండు చేతులతో బాదితే మిసెస్ యాప్ కాస్త తెరిచింది.

"నాకు పొయ్యండి," అన్నాను. "అంచు దాకా పొయ్యండి. నేనే అడుగుతున్నాను, అందరూ వింటున్నారు. మా అన్నయ్యని వదిలెయ్యమనండి."

ఆమె నా వైపు జాలిగా చూసింది. ఆ మొరటుతనం కన్నా ఆ జాలికే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఎంత పోసినా ఇంక లాభం లేదమ్మా," అంది మెల్లగా. "వాడు ఇక్కడ లేడు. మీతో పాటే లేచాడు."

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. కిటికీ కింద బల్ల ఖాళీగా ఉంది. అందరూ చలిమంట పక్కన బెంచీ మీదికి చేరారు. కాళ్ళు బార్లా చాపుకుని, హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. తలుపు మూసుకుంది.

కారు దగ్గరికి ఎలా చేరానో తెలీదు. అన్నయ్య తల పక్కకి వాల్చి ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తాను, సెలైను ఎక్కిస్తారు, అంతా సర్దుకుంటుంది... పైకే అనుకుంటూ బండి స్టార్ట్ చేశాను. మట్టిదారి మీద కాస్త ముందుకి కదిలామో లేదో, కారు కీచుకీచుమని మోగడం మొదలైంది. ఎవరో బెల్టు పెట్టుకోలేదని ఆ మోత.

నా బెల్టు చూసుకున్నాను. ఉంది. అన్నయ్యది చూశాను. ఉంది. నా సంచీ నా ఒళ్ళోనే ఉంది. ఎదురుగా ఎర్రటి దీపం వెనక సీటు చూపిస్తోంది. అద్దంలోకి చూడటానికి ధైర్యం చాల్లేదు. కారు నిండా కుళ్ళిన బేరిపళ్ళ వాసన...

అన్నయ్య కళ్ళు తెరవలేదు. చిట్లిన పెదవులు మాత్రం కదిలాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు దుకాణదార్లతో మాట్లాడే గొంతు అది.

"బెల్టు పెట్టుకో," అన్నాడు.

"నేను పెట్టుకున్నాను అన్నయ్యా."

"నీతో కాదు."

నా వెనక బెల్టు మెల్లగా సాగింది. క్లిక్‌మని పడింది. కారు మోత ఆగిపోయింది.