నాలుగో అంతస్తులో తెల్ల షీటు

టకటకక్కకి నలభై ఆరేళ్ళు. కొత్త చోట కూర్చోవాలన్నా నిలబడాలన్నా ముందు తాపీ పిడితో నేలని రెండు దెబ్బలు కొట్టి చూడటం ఆమె అలవాటు. ఇరవై రెండేళ్ళుగా టైల్స్ వేస్తున్న మనిషి. కింద బోలుగా ఉందో గట్టిగా ఉందో ఆ చప్పుడే చెప్పేస్తుంది. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో మరి.

ఆమె చెప్పగా విన్నవాళ్ళు నాకు చెప్పిన సంగతి ఇది.

ఊరి చివర పని ఆగిపోయిన అయిదంతస్తుల భవనం ఒకటుంది. పొద్దు గుంకితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. మైలు దూరం ఎక్కువైనా చుట్టు తిరిగి పోతారు. నాలుగో అంతస్తులో తెల్లగా ఏదో కదులుతుంటే చూశామనేవాళ్ళు ఉన్నారు. ఆకు కూడా కదలని రాత్రుల్లో అక్కడ ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినబడుతుందట. ఉఫ్... ఉఫ్... అని.

ఆ దెయ్యం ఎవరో కూడా ఊరికి తెలుసు. నవ్వులపిల్ల. పందొమ్మిదేళ్ళది. టైల్స్ సందుల్లో నింపే తెల్ల సిమెంటు కలిపి టకటకక్కకి అందించేది. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ భవనం బాల్కనీ కింద పడి చచ్చి ఉంది.

"ఎవడితోనో ఫోన్లో గొడవపడింది, దూకేసింది" అన్నాడు కాంట్రాక్టరు.

అన్నాడు, అంతే — ఊరు నమ్మేసింది. పోలీసులు అదే రాసుకుపోయారు. మగాడు మేడ మీంచి పడితే ప్రమాదం. ఆడపిల్ల పడితే కథ. ఆ కథకి ముందు ఒక ప్రియుణ్ణి తగిలించారు, తర్వాత దెయ్యాన్ని తగిలించారు. ఆ ప్రియుడు ఎవడురా అని అడిగినవాడు ఒక్కడు లేడు.

ఆ పిల్ల తల్లి మళ్ళీ గుమ్మం దాటలేదు. "పెంపకం అలాంటిది" అని మొహం మీదే అన్నాక ఎక్కడికని దాటుతుంది?

నిజం చెప్పాలంటే, టకటకక్క కూడా సగం నమ్మింది. ఆ రోజు ఆమె జ్వరంతో ఇంట్లో పడి ఉంది. ముందురోజు "పనిలో ఫోనేమిటే" అని పిల్లని తిట్టింది కూడా. ఆ సగం నమ్మకమే రెండేళ్ళుగా ఆమెని చెదపురుగులా తినేస్తోంది.

ఒకనాడు ఆ తల్లి దగ్గర కూర్చుని అంది — "వదినా, కొండ మీదికి పోదాం. రెండు రాత్రులు. మాట అనడానికి ఒక్క మనిషి కూడా ఉండని చోటికి."

వదిన తలూపింది. రెండేళ్ళలో ఆమె దేనికైనా ఊ కొట్టడం అదే మొదలు.

ఇక గుడారం కావాలి. టకటకక్క బ్రష్షుని వెంటేసుకుని దుకాణానికి వెళ్ళింది. బ్రష్షంటే గోడలకి రంగులేసే ఆమె. నోరు రంగు డబ్బా లాంటిది, మూత తెరిచారంటే మళ్ళీ పెట్టడం కష్టం.

"ఈ ధరకి కిటికీలతో సహా గది కట్టిస్తాను, నన్నడుగు" అంది బ్రష్షు దుకాణం బయటికి వచ్చాక.

"కొత్త గోడలకి వాన తగలకుండా చుట్టే తెల్ల షీటుంది చూడు, దాంతో కుట్టుకుందాం," అంది టకటకక్క. " వాన దిగదు, ఉక్కపోయదు, మడిస్తే చంకలో పడుతుంది."

"ఎక్కడ దొరుకుతుంది?"

"ఆ భవనంలో. చుట్టలు చుట్టలుగా పడి ఉంది."

బ్రష్షు ఆగిపోయింది. "నేను రాను తల్లీ. దెయ్యం నన్ను పలకరిస్తే నేనూ మొదలెడతాను. మా ఇద్దరికీ తెల్లారిపోతుంది."

మర్నాడు పని దిగాక టకటకక్క ఒక్కతే వెళ్ళింది. అప్పటికే చీకటి పడుతోంది. గేటు దగ్గర కాపలా తాత బీడీ ఆర్పి లేచాడు.

"షీటా? పట్టుకుపో అమ్మాయ్, అడిగేవాడెవడు. కిందదే తీసుకో. నాలుగో అంతస్తుకి మాత్రం... వెళ్ళకు."

"ఏముంది తాతా అక్కడ?"

అతను నేల చూశాడు. "అందరూ అనేదే."

కింది అంతస్తుల్లో షీటంతా పాడైపోయింది. ఆ షీటు వానకి చెక్కుచెదరదు కానీ ఎండకి పెళుసెక్కిపోతుంది. వేలితో నొక్కితే బిస్కట్టులా విరిగింది. ఎండ తగలని లోపలి గదిలో ఉంటే బాగుంటుంది... ఒక్కో అంతస్తూ ఎక్కింది. రెండు. మూడు.

నాలుగు.

నడవా చివర కిటికీలు లేని గది. అక్కణ్ణుంచి వస్తోంది —

ఉఫ్...

టకటకక్క గుమ్మం దగ్గరే ఆగింది. టార్చి లోపలికి వేసింది.

గది నిండా, ఈ గోడ నుంచి ఆ గోడదాకా నేల మీద తెల్ల షీటు. మీద రెండేళ్ళ దుమ్ము. గుమ్మం అవతలే ఆ షీటు మెల్లగా పైకి లేచింది... మెల్లగా దిగింది. కింద ఎవరో వెల్లకిలా పడుకుని ఊపిరి తీస్తున్నట్టు.

ఉఫ్...

"నువ్వేనా?" అంది టకటకక్క. ఆ గుసగుస ఆమెకే వినబడలేదు. "తిట్టానని కోపమా తల్లీ?"

షీటు లేచింది. దిగింది.

భయమో, ప్రేమో — ముందుకి వంగింది. అడుగు వెయ్యడానికి కాలెత్తింది కూడా. షీటు మీద అడుగెయ్యడానికి టైల్స్ పనివాళ్ళెవరూ రెండోసారి ఆలోచించరు. కొత్త టైల్స్ మీద గీతలు పడకుండా పరిచేది ఆ షీటే కదా. తెల్ల షీటు ఉందంటే కింద నేల ఉన్నట్టే. సాయం పిల్లలకి మొదటిరోజు నేర్పే పాఠమే అది.

ఎత్తిన కాలు దించకుండానే, వంగినది వంగినట్టే, చెయ్యి దాని అలవాటుకొద్దీ తాపీ తిప్పి కొట్టింది.

చప్పుడు రాలేదు.

గట్టి చప్పుడూ లేదు, బోలు చప్పుడూ లేదు. చెయ్యి మణికట్టుదాకా మెత్తగా లోపలికి దిగిపోయింది.

వెనక్కి పడింది టకటకక్క. తర్వాత పాక్కుంటూ వెళ్ళి, గోడవారన మేకులు పీకి షీటు అంచు పైకెత్తింది.

చల్లటి గాలి మొహాన కొట్టింది.

కింద నేల లేదు. పైపులు దింపడానికి వదిలిన డక్టు — మంచమంత బొక్క. నాలుగంతస్తుల కిందిదాకా చీకటి. దాని అంచుల చుట్టూ ఇంకో షీటు వేలాడుతోంది, పాతది. మధ్యలో నిలువునా చిరిగి ఉంది. ఒక మనిషి పట్టేంత.

టార్చి లోపలికి దించింది. రెండో అంతస్తు దగ్గర గోడలోంచి పొడుచుకొచ్చిన ఊచకి బకెట్టు ఒకటి తగులుకుని ఊగుతోంది. పిడికి పూలగుడ్డ పీలిక చుట్టి ఉంది. సిమెంటు మోసీ మోసీ పిల్ల అరచెయ్యి కోసుకుపోతోందని తన పాత చొక్కా చింపి టకటకక్కే చుట్టింది.

బాల్కనీ ఆ వైపెక్కడో ఉంది. ప్రియుడి కోసం చావబోయే పిల్ల సిమెంటు బకెట్టు పట్టుకుని పైపుల గొయ్యిలో దూకుతుందా?

అప్పుడు ఒక్కొక్కటీ తెలిసింది. చెక్క పలకలు వెయ్యాల్సిన బొక్క మీద, చెక్క దండగని షీటు పరిచాడు కాంట్రాక్టరు. పిల్ల వచ్చింది, చేతిలో బకెట్టుతో. షీటు చూసింది. మరి ఎలా నడవమని నేర్పింది తను? "షీటు మీదే నడవ్వే, బోసి టైలు తొక్కకు, గీత పడితే ఆ వెధవ నా కూలి కోస్తాడు" — రోజుకి పదిసార్లు అంది. మాట విన్న పిల్ల. మాట విన్నందుకు చచ్చింది. తర్వాత ఆ వెధవ చిరిగినదాని మీద కొత్త షీటు పరిచి, గుప్పెడు సిమెంటు దుమ్ము చల్లి, పోలీసుల్ని దాని పక్కనుంచే బాల్కనీలోకి తీసుకెళ్ళాడు.

తన కక్కుర్తిని దాచడానికి చచ్చినపిల్లని దెయ్యం చేసి కాపలా పెట్టాడు. జీతం కూడా ఇవ్వకుండా!

టకటకక్కకి భయం పోయింది. మెట్లు దిగుతుంటే అడుగుల మోతకి గేటు దగ్గర తాత లేచి నిలబడ్డాడు.

"డక్టులో పడ్డ పిల్ల బాల్కనీ కిందికి ఎలా వచ్చింది తాతా?"

తాత గేటు గొళ్ళెం వైపు తిరిగాడు.

"ఒక్కడు మొయ్యలేడు కదా. రెండోవాడెవడు?"

"అమ్మాయ్... ఉద్యోగం పోతుందన్నాడు..."

"ఎవడని అడిగాను."

తాత గొంతు గొణుగుడైపోయింది. "భుజాలు ఆయన పట్టుకున్నాడు. కాళ్ళు... నేను."

ఎక్కడో కుక్క మొరిగి ఆగింది.

"కాళ్ళు... ఇంకా కదులుతున్నాయమ్మా."

టకటకక్క పోలీసు స్టేషన్‌కి ఫోను చేసింది. "రేపు చూద్దాం" అన్నారు. రేపటికి ఆ బకెట్టు అక్కడ ఉండనిస్తారా? పాత షీటు ఉండనిస్తారా?

ఆమె కొండకి వెళ్ళలేదు. పై షీటుని ఆ నాలుగో అంతస్తులోనే, ఆ గొయ్యి అంచున, గోడ ఊచలకి కట్టి గుడారం వేసింది. వదినకీ బ్రష్షుకీ ఫోను చేసి అన్నీ చెప్పింది. వదిన ఏడవలేదు. చెప్పులు వేసుకుంది. రెండేళ్ళుగా గుమ్మం దాటని మనిషి నాలుగంతస్తులూ ఒక్క ఊపున ఎక్కింది. వెనకాలే బ్రష్షు, దుప్పట్లు మోస్తూ, మెట్టుకొక తిట్టు తిడుతూ.

మూడు రాత్రులు ముగ్గురూ అక్కడే పడుకున్నారు. రెండోరోజు చెక్కలూ మనుషులూ వెంటేసుకుని కాంట్రాక్టరు వచ్చాడు. బ్రష్షు నోటికి మూత పెట్టడం అతని వల్ల కాలేదు, తిరిగి పోయాడు. మూడోరాత్రి వాన పైకప్పు పగుళ్ళలోంచి ధారగా కారింది, షీటులోంచి మాత్రం చుక్క దిగలేదు. దెయ్యాలు ఒకటి కాదు, మూడయ్యాయని కింద జనం చెప్పుకున్నారు.

నాలుగోరోజు పోలీసులు వచ్చి బకెట్టు దింపారు.

టకటకక్క తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పింది. కాంట్రాక్టరుతోపాటు కాపలా తాత పేరు కూడా చెప్పింది.