తలుపున్న మిషను

ఆ ఉదయం కూడా సూయున్ అందరికన్నా ముందు లేచింది. సోయా పాలు కాచి, గుడ్డు అట్లు వేసి మూతపెట్టి, చప్పుడు కాకుండా మెట్లు దిగి కార్ఖానాలోకి వెళ్ళింది. కార్ఖానా అంటే పెద్దదేమీ కాదు. ఫెంగ్‌యువాన్ ఊళ్ళో వాళ్ళ ఇంటి కింది భాగమే. పైకప్పు నుంచి దారాలకు వేలాడుతున్న మేపుల్ కర్రలు కిటికీ గాలికి మెల్లగా ఊగుతున్నాయి. వాళ్ళు చేసేది బిలియర్డ్స్ ఆడే కర్రలు. అలాంటి కర్రను ఒకేసారి చెక్కేస్తే వంకరపోతుంది. కొంచెం చెక్కి, నెలల తరబడి వేలాడదీసి, మళ్ళీ కొంచెం చెక్కాలి. ముసురు పట్టిన రోజుల్లో అసలు ముట్టుకోకూడదు. వారంగా వాన వదలలేదు కనుక ఇంట్లో ఎవరికీ పని లేదు.

ఆ కర్రల కింద నిలబడితే సూయున్‌కి లోకం కాస్త దూరం జరిగినట్టు ఉంటుంది. మూలనున్న పాత మిల్లింగ్ మిషను దగ్గరికి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, దాని చేతిచక్రం మీద వేళ్ళు ఆనించింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమెకు అదొక కల. భర్త కున్‌షాన్ ఆ చక్రం తిప్పుతూ కర్రలో గాడి తవ్వుతాడు. సూయున్ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, సన్నని కత్తితో మూలలు చెక్కి, గాడిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదుగుతుంది. మిషను చప్పుడు వింటూ ఒక్కోసారి కళ్ళు మూసుకునేది. చక్రం తిప్పుతున్నది తన చెయ్యే అనుకునేది. అడిగే ధైర్యం మాత్రం ఏనాడూ చేయలేదు. ఇప్పుడు ఆ మిషను ఇరుసు వంగి మూలపడింది.

"అమ్మా, పొద్దున్నే ఆ శవం దగ్గరేం చేస్తున్నావు?" మెట్ల మీద నుంచి కూతురు ఈజెన్ కేక.

"పొద్దున్నే అవేం మాటలే! నోరు కడుక్కుని రా, అట్లు చల్లారిపోతాయి."

టిఫిన్ల దగ్గర కున్‌షాన్ గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ వెళ్ళి కంప్యూటర్ మిషను తెచ్చేద్దాం."

ఈజెన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆర్డర్లు చూసుకునేది ఆ పిల్లే. రెండేళ్ళుగా కంప్యూటర్ మిషను కొందామని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. "ఫోన్లో ఫొటో పంపడం రాదు, నువ్వు కంప్యూటర్ మిషను నడుపుతావా నాన్నా?"

"నడపడానికి నువ్వున్నావుగా."

"నేనెప్పుడూ రెడీ! అమ్మా, ఇక నీకు చాకిరీ తప్పింది. గాడీ అదే తవ్వుతుంది, చిప్ప ముక్కలూ అదే కోస్తుంది. హాయిగా పైన కూర్చుని సీరియళ్ళు చూసుకో."

కున్‌షాన్ తలూపాడు. "ఎన్నాళ్ళని కళ్ళు పొడుచుకుంటావు!"

ఇద్దరూ ప్రేమగానే అన్నారు. సూయున్‌కి మాత్రం అది మరోలా వినిపించింది. చక్రం చేతికి రాకపోగా, ఉన్న కత్తి కూడా పోతోంది. అట్టు పక్కకి నెట్టేసింది.

మిషన్ల షాపులో వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. లేత ఆకుపచ్చ మిషన్లు వరుసగా నిద్రపోతున్నట్టున్నాయి. సేల్స్ కుర్రాడు గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. "రండి ఓనరుగారూ, రండి ఓనరమ్మా!"

ఒక పక్క చేతిచక్రాల మిషను, అంతా బయటికే కనబడేది. రెండో పక్క గాజు తలుపున్న కంప్యూటర్ మిషను. కున్‌షాన్ మొదటిదాన్ని కన్నెత్తి చూడలేదు. రెండోదాని తలుపు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

"తిరుగుతుండగా తలుపు తీస్తే?"

"ఠక్కున ఆగిపోతుంది ఓనరుగారూ."

"ఖాయంగా?"

"ఖాయంగా. దీని వేగం కూడా చూపించమంటారా?"

"వేగం సంగతి తర్వాత. తలుపు సరిగ్గా పడకపోతే?"

"నాన్నా, మిషను కొంటున్నావా, బీరువా కొంటున్నావా?" అని ఈజెన్ నవ్వింది.

కుర్రాడు మిషను నడిపి చూపించాడు. గాజు వెనక చెక్క ముక్క మీద చూస్తుండగానే పువ్వు విచ్చుకుంది. ఎంతో అందంగా ఉంది. ఆ పువ్వు అంచుల్లో సూయున్‌కి కిటికీ పక్కన తన బల్ల కనిపించింది. బల్ల ముందు ఎవరూ లేరు.

"నా కుర్చీ ఏం చేస్తారు?" అంది ఉన్నట్టుండి.

"కుర్చీ ఏంటమ్మా?" అంది ఈజెన్.

"నీకోసం కొంటున్నాం, నీకోసం కొంటున్నాం అంటున్నారు. నాకేం కావాలో మీ ఇద్దరిలో ఒక్కరు అడిగారా?"

కున్‌షాన్ తెల్లబోయాడు. "ఏం కావాలి నీకు?"

"అది." చేతిచక్రాల మిషను వైపు వేలు చూపించింది. "ఆ చక్రం నేను తిప్పాలి."

"వద్దు."

"ఎందుకు వద్దు? నా చెయ్యి నీకు ఆనదు, అంతేగా! పెళ్ళయిన ఏడాదే చెప్పేశావు. గాడి ఎలా పడుతోందో చూద్దామని వంగితే నా జడ మిషన్‌కి చుట్టుకుంది. నువ్వు కరెంటు తీసేశావు, జడ కోసేశావు. ఆ తర్వాత నా మొహమైనా చూడలేదు. పాడైన కర్ర తీసుకుని అటు తిరిగి నిలబడ్డావు. ఇక దీని దగ్గరికి రాకు అన్నావు. కర్ర పాటి చేయలేదు నేను, అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను."

కుర్రాడు మెల్లగా పక్కకి జారుకున్నాడు. కున్‌షాన్ వానవైపు తిరిగాడు.

"కర్ర కోసం కాదు," అన్నాడు. "ఆ రోజు నా చేతులు వణికిపోతున్నాయి. నీకు కనబడకూడదని ఏదో ఒకటి పట్టుకున్నాను. అది కర్రో ఏమిటో కూడా తెలీదు."

సూయున్ ఆయన వైపు ఒక అడుగు వేసింది.

"నీ బల్ల కిటికీ పక్కన ఎందుకు వేశాననుకున్నావు? వెలుగుకా? మిషన్‌కి దూరమని. స్విచ్ వేసే ముందు నువ్వు కూర్చున్నావో లేదో చూసుకోకుండా ఒక్కనాడు వేయలేదు."

"మరి ఈ కంప్యూటర్ మిషను?"

"దానికి తలుపుంది." ఆయన గాజు మీద చెయ్యి వేశాడు. "తలుపుంటే నువ్వు పక్కన నిలబడ్డా నాకు భయం ఉండదు. ఇన్నేళ్ళూ అంత దూరాన ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. ఇకనైనా దగ్గరుంటావని."

సూయున్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముందుకు వంగి తల ఆయన కళ్ళ ముందు పెట్టింది. నెరిసిన పొట్టి క్రాఫు. "ముసలి కోతీ, సరిగ్గా చూడు! జడెక్కడుంది? మళ్ళీ పెరిగిందాన్ని కూడా ఈజెన్ బడికెళ్ళే రోజుల్లోనే తీసేశాను."

కున్‌షాన్ నిజంగానే ఇప్పుడే చూస్తున్నవాడిలా చూశాడు. "ఉన్నట్టే ఉంటుంది నాకు," అని గొణిగి, చక్రాల మిషను వైపు తలూపాడు.

ఈజెన్ కళ్ళు తుడుచుకుని కుర్రాణ్ణి పిలిచింది. "తమ్ముడూ, చక్రాలదే ఇవ్వు. తలుపుదాని సంగతి మళ్ళీ చూద్దాం."

ముసురు విడిచాక మిషను ఇంటికొచ్చింది. ఇంటినీ వ్యాపారాన్నీ కాచే భూమి దేవుడికి అగరొత్తులు వెలిగించారు. మిషను మొండికేయకుండా ఉండాలని, అక్కడివాళ్ళ ఆచారం ప్రకారం, దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం పెట్టింది ఈజెన్. సూయున్ తలకు గుడ్డ బిగించి, చొక్కా చేతులు పైకి మడిచి, చక్రం పట్టుకుంది. ఊహించుకున్న దానికన్నా బరువుగా ఉంది. తిప్పగా తిప్పగా కర్రలోంచి సన్నని లేత పసుపు పొట్టు లేచింది, చెక్క వాసన కార్ఖానా అంతా పరుచుకుంది. కలలో ఉన్నానేమో అనుకుంది.

"చూశావా, గాడి ఎలా పడిందో!"

తల తిప్పి చూస్తే కున్‌షాన్ పక్కనే నిలబడి ఉన్నాడు. అరచెయ్యి మిషన్ని ఆపే ఎర్ర స్విచ్ మీద ఉంది. కళ్ళు గాడి మీద లేవు, ఆమె తల మీదున్నాయి.

"గాడి చూడమంటే నన్ను చూస్తావేంటి? చెయ్యి తియ్యి అక్కణ్ణుంచి."

"తియ్యను. నువ్వు తిప్పు."

ఇన్నేళ్ళూ ఆయన చూసేది కర్రనే అనుకుంది. సూయున్ మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చక్రం తిప్పింది.